భూమిలోంచి పైకొచ్చిన కాలు

జర్మనీ ఉత్తర భాగాన, సరస్సుల మధ్య పరుచుకున్న మెక్లెన్‌బుర్గ్ సీమలో అంకర్స్‌హాగెన్ అని ఒక చిన్న ఊరు. ఆ ఊరి చర్చి ఆవరణలో వెనకటి దొర ఒకడి సమాధి ఉండేదట. ఏటేటా అందులోంచి అతని ఎడమకాలు, నల్ల పట్టు మేజోడుతో సహా, పైకి పెరిగి వచ్చేదట. చర్చి పనులు చూసే ప్రాంగె అనే ముసలాయన, చిన్నతనంలో తానే ఒకసారి ఆ కాలు నరికానని, ఆ ఎముకతో పియర్ కాయలు రాల్చుకు తిన్నానని ఒట్టేసి చెప్పేవాడు. తర్వాత తర్వాత ఎందుకో మొలవడం మానేసిందని కూడా చెప్పేవాడు.

ఆ దొర పేరు హెన్నింగ్. దారి దోపిడీ అతని వృత్తి. మెక్లెన్‌బుర్గ్ డ్యూకుని దారికాచి మట్టుబెట్టాలని పన్నాగం పన్నాడు. ఆ మాట ఎలాగో చెవినబడిన పశువుల కాపరి ఒకడు, డ్యూకు వచ్చే తోవలో పొదచాటున కాచుకుని ఉండి, సంగతి చెప్పి వెనక్కి పంపేశాడు. హెన్నింగ్ ఆ కాపరిని పట్టుకొచ్చి పెద్ద ఇనప పెనంలో బతికుండగానే కాల్చాడు. కొన ఊపిరితో ఉన్నవాణ్ణి ఎడమకాలితో ఒక్క తన్ను తన్నాడు. డ్యూకు సైన్యంతో వచ్చి కోటను చుట్టుముట్టాక, పారిపోయే దారి లేక, ఉన్న సొమ్మంతా తోటలో గుండ్రటి బురుజు పక్కన పాతిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. తన్నిన ఆ కాలిని మాత్రం నేల తనలో ఉంచుకోలేదు. దొరకు జనం బ్రాడెన్‌కిర్ల్ అని ఓ మారుపేరు తగిలించారు. కాపరి పేరు ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

ఇది పత్రాల్లో సాక్ష్యంతో నిలిచే చరిత్ర కాదు, నోటి నుంచి నోటికి నడిచిన కథ. అయినా ఆ సీమలోని దొరల ఇళ్ళ మీద వచ్చిన దళసరి పుస్తకాల్లో లేని నిజం ఒకటి ఈ కథలో ఉంది. మెక్లెన్‌బుర్గ్‌లో 1870ల దాకా ఊరి దొరే ఊరికి న్యాయాధికారి. తన మనుషుల మీద కచేరీ పెట్టేదీ, దండించేదీ ఆయనే. దొర మీద ఫిర్యాదు ఉంటే దొర కచేరీకే వెళ్ళి చెప్పుకోవాలి. అలాంటి చోట బీదవాళ్ళకు మిగిలిన న్యాయస్థానం రాత్రిపూట పొయ్యి చుట్టూ కూర్చుని చెప్పుకునే కథ ఒక్కటే. శిక్ష వెయ్యడానికి వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు, కనుక వాళ్ళు ఆ పని నేలకు అప్పజెప్పారు.

కోటలు ఇళ్ళుగా మారడం వెనక చాలా జరిగింది. 1495లో వోర్మ్స్ నగరంలో కూడిన సామ్రాజ్య సభ, ప్రభువులు తమ పగలు తీర్చుకోవడానికి సొంతంగా యుద్ధాలు చేసుకోవడం ఇకమీదట నేరమని శాసించింది. ఫిరంగులొచ్చాక కోటగోడలకు పాత విలువ పోయింది. అదే కాలంలో నెదర్లాండ్స్ పట్టణాలు జనంతో కిక్కిరిసి, తిండిగింజల కోసం బాల్టిక్ తీరం వైపు చూడసాగాయి. రోస్టాక్, విస్మార్ రేవుల్లో ధాన్యం ఓడలకెక్కింది. నిన్నటిదాకా కత్తి పట్టిన వంశాలు లెక్కల పుస్తకం పట్టాయి. అంకర్స్‌హాగెన్‌లో పాత కోట ఉన్న చోటే 16వ శతాబ్దంలో కొత్త ఇల్లు లేచింది. ఆ ఇంటి గోడలు ఆరడుగుల మందమని, వాటి లోపల రహస్య దారులున్నాయని, ఒక సొరంగం ఏకంగా ష్పెక్ ఊరి సరస్సు కిందుగా పోతుందని ఊళ్ళో చెప్పుకునేవారు. ఇలాంటి ఇళ్ళు ఆ సీమ నిండా ఉన్నాయి. కందకం చేపల చెరువయింది. శత్రువును ఆపిన గోడల మధ్య చల్లటి నేలమాళిగలో పాలకుండలు చేరాయి.

ఇల్లు మెత్తబడింది గానీ మనుషుల బతుకు మరింత గట్టిగా బిగుసుకుంది. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ళ యుద్ధం మెక్లెన్‌బుర్గ్‌ని ఊడ్చిపెట్టింది. సేనలు, ప్లేగు, కరువు కలిసి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేశాయి. రైతులు లేని పొలాలను దొరలు తమ సొంత సేద్యంలో కలుపుకున్నారు. ఆ రుచి మరిగాక, రైతులున్న పొలాలనూ కలుపుకోవడం మొదలుపెట్టారు. పని చేసే చేతులు తక్కువ కాబట్టి, ఉన్నవాళ్ళను నేలకు కట్టేశారు. దొర అనుమతి లేకుండా ఊరు విడవకూడదు, పెళ్ళి చేసుకోకూడదు. తెలంగాణ పల్లెల్లో గడీ నీడన పెరిగినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 1755లో డ్యూకు, దొరలు కలిసి రాసుకున్న ఒప్పందం దొరల హక్కులన్నింటినీ ఖాయం చేసింది. అది 1918 దాకా, రాచరికం పోయేదాకా, అలాగే నిలిచింది. ఐరోపాలో సగం దేశాలు రాజ్యాంగాలు రాసుకుంటున్న కాలంలో ఈ సీమ మాత్రం 1755లోనే ఆగిపోయింది.

అంకర్స్‌హాగెన్ ఇంట్లో 1769లో ఒక యువకుడు పంతులుగా చేరాడు. అప్పుడు ఆ ఇల్లు ఎర్ట్‌జెన్ వంశానిది. యువకుడి పేరు యోహాన్ హైన్‌రిష్ ఫాస్. పద్ధెనిమిదేళ్ళవాడు. ఆయన తాత ఒకప్పుడు ఇలాంటి దొరల కింద బానిస రైతు, తర్వాత విడుదలైనవాడు. పైచదువుకు డబ్బు కూడబెట్టుకోవాలని ఫాస్ ఆ పంతులు ఉద్యోగంలో చేరి, 1772 దాకా అక్కడే ఉన్నాడు. దొర బల్ల చివర కూర్చుని తింటూ, కిటికీలోంచి తన తాతలాంటి వాళ్ళను చూస్తూ గడిపిన ఆ ఏళ్ళు ఆయన జీవితమంతా వెంటాడాయి. తర్వాత గ్యోటింగెన్‌లో చదువుకుంటూ, కవిగా పేరు తెచ్చుకుంటూ, ఆయన రాసిన తొలి కావ్యాల్లో ఒకటి, మాట తప్పిన దొర మీద రగిలిపోయే గుర్రాల పాలేర్ల సంభాషణ. పల్లెపాటల రూపంలో అంత కోపాన్ని నింపడం జర్మన్ కవిత్వంలో అప్పటికి కొత్త. 1781లో హోమర్ ఒడిస్సీని, 1793లో ఇలియడ్‌ని ఆయన జర్మన్‌లోకి తెచ్చాడు. ఆ అనువాదాలు ఈనాటికీ జర్మన్ ఇళ్ళలో ఉంటాయి.

ట్రాయ్ కథ ఆ ఊరికి మరో దారిన కూడా వచ్చింది. 1823లో అంకర్స్‌హాగెన్‌కి కొత్త పాదిరి వచ్చాడు. ఆయన కొడుకు హైన్‌రిష్ ష్లీమన్‌కి అప్పుడు ఏడాది వయసు. తర్వాత టర్కీలోని హిసార్లిక్ దిబ్బను తవ్వి, ఇదే ట్రాయ్ అని లోకానికి చాటిన ష్లీమన్ ఇతనే. ఆ పిల్లాడికి చదువు చెప్పినవాళ్ళలో వెల్లెర్ట్ అనే దర్జీని కూడా చేర్చాలి. ఒక కన్ను, ఒక కాలు. అక్షరం ముక్క రాదు. కానీ విన్న కథ మరిచిపోడు. హెన్నింగ్ కథ, ఇంటి వెనక చెరువులోంచి అర్ధరాత్రి వెండి గిన్నె పట్టుకుని పైకొచ్చే కన్య కథ, గుట్ట కింద బంగారు ఊయలలో పాతిపెట్టిన పసిబిడ్డ కథ, అన్నీ ఆ సీమ నోళ్ళలో నానినవే. తండ్రి డబ్బుకు ఇబ్బంది పడినప్పుడల్లా, ఆ వెండి గిన్నె తవ్వి తీయొచ్చు కదా అని పిల్లాడు అడిగేవాడట.

ఆ దర్జీ చెప్పిన కొంగ కథ ఒకటి నాకు ఎంతో ఇష్టం. చలికాలంలో ఈ కొంగలు ఎక్కడికి పోతాయో తెలుసుకోవాలని ప్రాంగె ముసలాయన ఒక కొంగను పట్టుకుని, కాలికి తోలుకాగితం కట్టాడట. నీ ఇంటి మీద ఈ పక్షి గూడు కడితే, మీది ఏ దేశమో దయచేసి తెలపమని అందులో రాశాడట. మరుసటి వసంతంలో జవాబొచ్చింది. మీ మెక్లెన్‌బుర్గ్ ఎక్కడో మాకు తెలియదు, మాది సెయింట్ జాన్ దేశం అని. ఊరు దాటాలంటే దొర సెలవు కావలసిన మనుషులు, ఇంటి కప్పు మీది పక్షి ఏ లోకం చూసి వచ్చిందో తెలుసుకోవాలని ఎంతగా ఆరాటపడ్డారో ఈ కథ చెబుతుంది. ఈ కథలు మనకు చేరిన ష్లీమన్ స్వీయచరిత్రలో కల్పనల పాలు ఎక్కువని పరిశోధకులు తేల్చారు. ఆ మాట ఒప్పుకుంటూనే అంటాను, దర్జీ నోటి కథల దగ్గరికొచ్చేసరికి అతను తన సీమకు నమ్మకస్తుడు.

1831లో తల్లి పోయింది. ఇల్లు చెదిరింది. పద్నాలుగేళ్ళకు హైన్‌రిష్ ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్‌లో ఓ కిరాణా కొట్లో చేరి ఉప్పుచేపలు, వెన్న, దుంపల సారాయి అమ్మాడు. హాఫెల్ నది అంకర్స్‌హాగెన్ దగ్గరే పుట్టి ఆ పట్టణం మీదుగానే పోతుంది. ఆ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నీలిమందు వ్యాపారం చేసి కోటీశ్వరుడయ్యాడు, లోకమంతా తిరిగాడు, ఆ తిరుగుడులో మద్రాసు కూడా చూశాడు. 1883 వేసవిలో భార్యాపిల్లలతో అంకర్స్‌హాగెన్‌కి తిరిగొచ్చి కొన్ని వారాలు ఉన్నాడు. చర్చి ఆవరణలో తల్లి సమాధి ఉంది.

ష్లీమన్ పుట్టకముందే, 1820లో, ఈ సీమలో బానిసత్వం రద్దయింది. మనుషులు స్వేచ్ఛాపరులయ్యారు గానీ ఒక్క సెంటు భూమి ఎవరికీ రాలేదు. పైగా దొరకు కొత్త హక్కు ఒకటి దక్కినట్టయింది. ఎక్కడ కాపురం పెట్టాలన్నా ఆ ఊరి దొర ఒప్పుకోవాలి, ఆయన ఒప్పుకోకపోతే తల మీద కప్పు లేదు, కప్పు లేనివాడికి పెళ్ళి లేదు. ఫ్రిట్జ్ రాయిటర్ 1857లో ఆ ప్రాంతపు పల్లె మాటలో రాసిన 'కైన్ హ్యూజుంగ్' కావ్యం ఈ అన్యాయం మీదే. అందులో యోహాన్ అనే పాలేరుకి, అతని ప్రియురాలికి దొర గూడు ఇవ్వడు. చివరికి యోహాన్ గడ్డి ఎత్తే పంగలకర్రతో దొరను పొడిచి పారిపోతాడు. రాయిటర్ నవ్వించే రచయితగా పేరుపొందినవాడు. తన రచనలన్నింటిలో గుండెకు దగ్గరైంది ఈ ఒక్కటేనని ఆయన అనుకునేవాడు. ఆ శతాబ్దం రెండో సగంలో మెక్లెన్‌బుర్గ్ నుంచి లక్ష మందికి పైగా ఓడలెక్కి అమెరికా వెళ్ళిపోయారు.

మిగిలినవాళ్ళు ఎలా బతికారో నేను విన్నది పుస్తకాల్లో కాదు. మ్యూరిట్జ్ సరస్సు ఒడ్డున వారెన్ పట్టణంలో కొంతకాలం ఉన్నాను. నేను అద్దెకున్న ఇల్లు ఎనభై దాటిన ఒక ముసలావిడది. వీధిలో అందరూ ఆవిడను ఓమా అనేవారు, నానమ్మ అన్నట్టు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ దొర ఊళ్ళో పుట్టింది. తండ్రి గుర్రాల బండి తోలేవాడు. ఆ రోజుల్లో మెక్లెన్‌బుర్గ్‌లో బండికి నాలుగు గుర్రాలు కట్టేవారు. తోలేవాడు బండి మీద కూర్చునేవాడు కాదు, వెనక జతలో ఎడమ గుర్రం మీద ఎక్కి, అక్కడి నుంచి నాలుగింటినీ ఒక్క చేత్తో నడిపేవాడు. తండ్రి గురించి చెప్పినప్పుడల్లా ఓమా ఎడమ చేతిని గాల్లో ఎత్తి, నాలుగు పగ్గాలూ వేళ్ళ మధ్య ఎలా పట్టేవాడో చూపించేది.

"పొద్దున్నే ఇనప పలక మోగేది బాబూ," అనేది. పెద్ద పాలేరు దొడ్లో వేలాడదీసిన పలక మీద సుత్తితో కొట్టేవాడు. అంతకు గంట ముందే తండ్రి లేచి గుర్రాలకు ఓట్స్ పెట్టి ఉండాలి. జీతంలో డబ్బు తక్కువ, మిగతాదంతా వస్తురూపం. ఇన్ని బస్తాల రై ధాన్యం, దుంపలు వేసుకోవడానికి ఓ చీలిక పొలం, పొయ్యిలోకి కట్టెలు, పంది పెంచుకునే వీలు, కొన్ని బాతులు. అన్నిటికంటే ముఖ్యం, దొర మందలో తమ ఆవు ఒకటి మేసే హక్కు. ఆ ఆవు సంగతి చెప్పేటప్పుడు ఓమా గొంతు మారేది. "ఆవు పోతే ఇంట్లో మనిషి పోయినట్టే. మా అమ్మ ఏడవడం నేను రెండుసార్లే చూశాను. ఒకసారి ఆవు చచ్చినప్పుడు, ఒకసారి మా అన్న చచ్చిపోయాడని కబురొచ్చినప్పుడు."

జీతం మాట్లాడుకునేది ఒక్క మగవాడితో, పని చెయ్యాల్సింది ఇంటిల్లిపాదీ. పలక మోగితే తల్లి కూడా బీట్‌దుంపల చేలో కలుపు తియ్యడానికి పోవాలి. ఇంకో మనిషిని కూడా పనికి తెచ్చే బాధ్యత ఆ కుటుంబానిదే. పెద్దపిల్లలుంటే సరే, లేకపోతే ఎవరినైనా పిలిచి, తమ చిన్న ఇంట్లోనే పెట్టుకుని, తిండి పెట్టి, దొర పొలానికి పంపాలి. ఇల్లంటే పొడుగాటి ఇటుక ఇళ్ళ వరసలో ఒక ముక్క. నాలుగు కుటుంబాలకు ఒకే కప్పు. ఒక గది, ఒక పక్కగది, వంటిల్లు. వెనక పశువుల కొట్టం.

వేసవి చివర కోతలు. దాన్ని ఓమా చెబుతుంటే నేను ఎన్నిసార్లయినా వినేవాణ్ణి. మగవాళ్ళు పొడుగు పిడి కొడవళ్ళతో ఒకరి వెనక ఒకరు ఏటవాలు వరసలో కదులుతారు. ముందు నడిచేవాడు అందరికంటే గట్టివాడు, అతని వేగమే అందరి వేగం. ప్రతి మగవాడి వెనకా ఒక ఆడమనిషి కోసిన రైని పనలు కట్టుకుంటూ వస్తుంది. రైతో చేతులు, మెడ గీసుకుపోతాయి, అందుకని అంత ఎండలోనూ పొడుగు చేతుల రవికెలు, తలకు తెల్లగుడ్డలు. కోత మొదలైన రోజు దొరగానీ, ఆయన అతిథిగానీ చేలోకి వస్తే, పనలు కట్టే పిల్ల ఒకతె ముందుకొచ్చి ఆయన చేతికి గడ్డిపోచలతో, రిబ్బనుతో ఓ కట్టు కట్టి పద్యం చెబుతుంది. ఆయన డబ్బులిచ్చి విడిపించుకోవాలి. ఏడాదంతా ఆయన కట్టిపడేసిన మనుషులు ఆ ఒక్క పూట ఆయన్ను కట్టేస్తారు. ఆ కట్టులో ఉన్న సంతోషం ఓమా ముఖంలో నేను చూశాను. తల్లి కట్టగా తను చూసిందట.

చేను చివర కొన్ని వెన్నులు కొయ్యకుండా వదిలేసేవారు. ఈ ఆచారం చాలా పాతది. 1593లోనే రోస్టాక్ పాదిరి నికొలౌస్ గ్రీజె, ఇది వోడెన్ దేవుడి గుర్రానికి వదిలే మేత అని, క్రైస్తవులకు తగని పని అని తిట్టి రాశాడు. పాదిరి తిట్లు దాటుకుని ఆ గుప్పెడు వెన్నులు మరో మూడువందల ఏళ్ళు చేల చివర నిలిచాయి. చివరికి కోత కిరీటం. గింజల వెన్నులతో, రంగుకాగితాలతో అల్లిన పెద్ద కిరీటాన్ని ఊరేగింపుగా దొర ఇంటి మెట్ల దాకా తెచ్చేవారు. ఆ రాత్రి కల్లం కొట్టంలో ఆట. తొలి ఆట దొర, పనలు కట్టేవాళ్ళ నాయకురాలితో ఆడాలి. దొరసాని కోతల నాయకుడితో ఆడాలి.

ఇలాంటి ఆచారాలు ఇంత వివరంగా మనకు దక్కాయంటే రిచర్డ్ వొసిడ్లో అనే మనిషి వల్ల. 1859లో ఓ దొర పొలం మీదే పుట్టాడు. వారెన్‌లో బడిపంతులుగా జీవితం గడిపాడు. సెలవు దొరికితే చాలు, ఊరూరా నడిచి గొర్రెలకాపరులు, పాలేర్లు, ముసలమ్మల దగ్గర కూర్చునేవాడు. వాళ్ళ పల్లె మాటలోనే మాట్లాడేవాడు. విన్నది చిన్న చిన్న చీటీల మీద రాసుకునేవాడు. ఊరూరా తనకు సాయపడే మనుషులను తయారుచేసుకున్నాడు. 1939లో పోయేనాటికి పోగైన చీటీలు దాదాపు 20 లక్షలు. కోతల ఆచారాల మీద 1927లో ఆయన వేసిన పుస్తకంలోని ప్రతి మాటా ఎవరో పాలేరు చెప్పిందే. ఆ సీమలో నాకు మొక్కాలనిపించే మనిషి ఎవరంటే, ట్రాయ్ తవ్వినాయన కంటే ముందు ఈ పంతులు పేరే చెబుతాను.

ఓమా ఊళ్ళో ఇంకో వరస ఇల్లుండేది. వసంతంలో పోలండ్ వైపు నుంచి వచ్చి, దుంపల తవ్వకం అయ్యాక వెళ్ళిపోయే కూలీలకు. 1940 తర్వాత వాళ్ళు తమంత తాము రావడం పోయింది, పట్టుకొచ్చారు. బట్టల మీద పసుపు పలకలో P అక్షరం తప్ప పేరు కూడా ఉండేది కాదు. చిన్నపిల్లలు వాళ్ళతో మాట్లాడకూడదని ఆజ్ఞ. "మా అమ్మ రొట్టె ముక్క గడ్డి కింద పెట్టేది. ఎందుకమ్మా అంటే, ఊరుకో అనేది." అంతకుమించి ఆ ఏళ్ళ గురించి ఓమా ఎక్కువ చెప్పలేదు.

1945 ఏప్రిల్ చివర ఎర్రసైన్యం వచ్చింది. తూర్పు ప్రష్యా, పొమెరేనియాల నుంచి బళ్ళమీద, కాలినడకన వచ్చిన శరణార్థులతో దొరల ఇళ్ళు నిండిపోయాయి. సెప్టెంబరులో భూసంస్కరణ. వంద హెక్టార్లు దాటిన ప్రతి ఎస్టేటునూ పైసా పరిహారం లేకుండా తీసేసుకున్నారు. దొరల కుటుంబాలను ఆ తాలూకా నుంచే వెళ్ళగొట్టారు. వాళ్ళలో హిట్లర్ కొమ్ముకాసినవాళ్ళూ ఉన్నారు, కాయనివాళ్ళూ ఉన్నారు, శాసనం తేడా చూడలేదు. గుర్రాలు తోలిన ఓమా తండ్రికి కొద్ది హెక్టార్ల భూమి, ఇంకొకరితో కలిపి ఒక గుర్రం దక్కాయి. నాలుగు గుర్రాలు ఒక్క చేత్తో నడిపినవాడు సగం గుర్రంతో సేద్యం మొదలుపెట్టాడు. అయినా పత్రం చేతికొచ్చిన రోజు ఆయన తన చేను నాలుగు మూలలా నడిచొచ్చి, అన్నం తినకుండా కూర్చున్నాడట.

1947లో సోవియట్ సైనిక పాలకుల 209వ నంబరు ఉత్తర్వు వచ్చింది. కొత్త రైతులకు ఇళ్ళు కట్టాలి, ఇటుకలు లేవు, దొరల ఇళ్ళు పడగొట్టి వాడుకోమని. అలా ఎన్నో పాత ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఓమా పుట్టిన ఊరి బంగళా అందులో ఒకటి. ఆ ఇటుకలతోనే తండ్రి కొట్టం కట్టాడు. పడగొట్టకముందు కొన్ని నెలలు ఆ బంగళా పెద్ద హాల్లో బడి నడిచింది. అంతకుముందు క్రిస్మస్‌కి పిల్లలందరికీ మేజోళ్ళు, తీపి రొట్టెలు పంచే రోజు మాత్రమే, అదీ వంటింటి గుమ్మం గుండా, ఓమా లోపలికి వెళ్ళింది. బడికి ముందు గుమ్మం గుండా వెళ్ళింది. "మొదటి రోజు బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను. పంతులమ్మ నవ్వింది," అంది.

పదిహేనేళ్ళు తిరక్కుండానే ఆ కొత్త పొలాలన్నీ సామూహిక సేద్యంలో కలిసిపోయాయి. చేరనివాళ్ళను 1960 నాటికి చేరేదాకా వదల్లేదు. తండ్రి సంతకం పెట్టొచ్చి గుర్రాన్ని అప్పజెప్పాడు. నిలిచి ఉన్న బంగళాలు పంచాయతీ ఆఫీసులు, పిల్లల బళ్ళు, సరుకుల కొట్లు అయ్యాయి. కప్పు కారితే రేకు వేశారు. 1990లో రెండు జర్మనీలు కలిసేటప్పుడు, 1945 నాటి స్వాధీనాలను తిరగదోడేది లేదని నిర్ణయించారు. 1991లో రాజ్యాంగ న్యాయస్థానమూ దాన్ని నిలబెట్టింది. కొందరు పాత వంశీకులు తమ తాతల ఇల్లు తామే డబ్బిచ్చి కొనుక్కున్నారు. వారెన్‌కి దగ్గర్లోని ఉల్‌రిష్స్‌హూజెన్ అలాంటిదే. 1562లో మాల్ట్‌సాన్ వంశం కట్టింది, 1987లో కాలిపోయింది, 1993లో అదే వంశం కొని నిలబెట్టింది. ఇప్పుడు దాని కొట్టంలో సంగీత కచేరీలు జరుగుతాయి. అంకర్స్‌హాగెన్‌లో పాదిరి ఇల్లు ష్లీమన్ మ్యూజియం, ముందు పిల్లలెక్కి ఆడుకునే కొయ్యగుర్రం.

మెక్లెన్‌బుర్గ్, పశ్చిమ పొమెరేనియా కలిసిన నేటి రాష్ట్రంలో ఇలాంటి పాత ఇళ్ళు రెండు వేల దాకా ఉన్నాయంటారు. వాటిని బాగుచేస్తున్నవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. కప్పు పోయిన ఇంటిని మళ్ళీ నిలబెట్టడానికి మనిషి తన జీవితంలో సగం పెట్టాలి. కానీ వాళ్ళ కరపత్రాల్లో వరస ఇళ్ళ ఊసు ఉండదు. మెట్ల మీది చెక్కడం ఎవరిదో రాస్తారు, మెట్ల దాకా కిరీటం మోసుకొచ్చింది ఎవరో రాయరు. ఆ వ్యవస్థ పోయిందని నాకు చింత లేదు, పోవాల్సిందే. దానితోపాటు ఒక ఊరి నిండా మనుషులు కలిసి పనిచేసే తీరు, వాళ్ళ మాట, వాళ్ళ కథలు చెప్పే నోళ్ళు పోయాయే, అది బాధ. ఇవాళ ఆ చేలు దొరల నాటికంటే పెద్దవి. ఒక్క కోత యంత్రం, ఒక్క మనిషి.

వారెన్‌కి పడమట ఆల్ట్ ష్వెరిన్ ఊళ్ళో 1963 నుంచి ఒక వ్యవసాయ మ్యూజియం ఉంది. అది దొర ఊరినే మ్యూజియంగా చేసిన చోటు. పాలేర్ల ఇళ్ళు, కూలీల వరస ఇల్లు, అప్పటి సామానుతో సహా అలాగే ఉంచారు. ఓమాను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూసింది. పొయ్యి సరిగ్గానే ఉందంది. కాఫీ గింజలు విసిరే మర అలా అలంకారంగా అల్మరా మీద ఎవరూ పెట్టుకోరు, ఒళ్ళో పెట్టుకుని తిప్పేది కాబట్టి బల్ల కిందే ఉంటుందంది. తర్వాత మంచాలు లెక్కపెట్టింది. ఒక తాడు అవతల బడిపిల్లల గుంపు నిలబడి ఉంది. ఓమా వాళ్ళకేసి తిరిగి, "ఇందులో మేము ఎంతమందిమి పడుకునేవాళ్ళమో చెప్పండి చూద్దాం," అంది. ఒకడు నలుగురన్నాడు. ఇంకొకతె ఐదుగురంది. ఓమా తాడు ఎత్తి లోపలికి వెళ్ళి, ఎవరి తల ఏ వైపు ఉండేదో, చలికి మధ్యలో ఎవరిని పడుకోబెట్టేవారో మంచం మీద చెయ్యి పెట్టి చూపించడం మొదలుపెట్టింది. కాపలా అమ్మాయి ఏమీ అనలేదు. పిల్లలు తాడు దాటి దగ్గరికొచ్చారు.